పుట్టగానే ఏడ్చిందా?

చంటిబిడ్డకి పచ్చకామెర్లు వస్తే 'అందరికీ వచ్చేవేలే' అని సరిపెట్టుకుంటాం. చాలామంది విషయంలో అది నిజమే. కానీ పుట్టినప్పుడు ఊపిరందక, ఆలస్యంగా ఏడ్చిన బిడ్డ దగ్గర ఆ మాట చెల్లదు. గూడెం కొత్తవీధిలో టీచరుగా పనిచేస్తున్న ఓ తల్లి ఆ తేడా ఎలా తెలుసుకున్నారో ఆమె మాటల్లోనే చదవండి.

మా ఇంట్లో కామెర్లు కొత్తేమీ కాదు. 2006లో మా పెద్దవాడు నర్సీపట్నంలో మా పుట్టింట్లో ఉండగా మూడో రోజుకి ఒళ్లంతా పసుపు రాసినట్టయ్యాడు. "పసికర్లే, ఏం ఫరవాలేదు" అంది అమ్మ. వాకిట్లో పొద్దుటెండలో పడుకోబెట్టింది. వాడు బాగా పాలు తాగేవాడు. వారం పది రోజుల్లో మామూలు రంగుకొచ్చేశాడు. ఆ ధీమాయే ఏడేళ్ల తర్వాత మమ్మల్ని దెబ్బతీసింది.

2013 ఆగస్టులో మళ్లీ పురుడు. పెద్దవాడి బడి, మావారి ఉద్యోగం గూడెం కొత్తవీధిలోనే కాబట్టి అమ్మే కొండ మీదికి వచ్చి ఉంది. నొప్పులు మొదలైన రోజు వాన. చింతపల్లి మీదుగా లంబసింగి ఘాట్ దిగి కింద ఊళ్లో ఒక ఆస్పత్రికి చేరేసరికే నేను సగం చచ్చాను. ఆ తర్వాత ఇంకా చాలాసేపు కాన్పు కాలేదు. చివరికి పాప పుట్టింది. కానీ ఏడుపు వినపడలేదు.

ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. డాక్టరుగారు చిన్న మాస్కు పాప ముక్కూ నోరూ కప్పేలా పెట్టి, రబ్బరు తిత్తి నొక్కుతూ గాలి పంపారు. కొన్ని నిమిషాల తర్వాత పిల్లికూన అరిచినట్టు సన్నగా ఏడ్చింది. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజు "ఇక తీసుకెళ్లొచ్చు" అన్నారు. చేతికిచ్చిన చీటీలో నార్మల్ డెలివరీ, ఆడపిల్ల, 2.8 కిలోలు అని ఉంది. ఏడ్వడం ఆలస్యమైందన్న ఒక్క ముక్క అందులో లేదు. అది రాయించుకోవాలని నాకూ తెలియలేదు.

ఎండ లేని ఊళ్లో ఎండ కోసం

ఇంటికొచ్చిన సాయంత్రమే పాప కళ్లు పచ్చగా కనిపించాయి. "పెద్దాడికీ ఇంతేగా! పొద్దున ఎండలో పెడదాం" అంది అమ్మ. ఆగస్టులో గూడెం కొత్తవీధిలో ఎండేది? తెల్లారినా ఎదురింటి కప్పు కనపడని మంచు. పక్కింటావిడ ఆకుపసరు పోయించమంది. ఇంకొకావిడ వాత పెట్టిస్తే తగ్గుతుందంది. ఇవి కొండమీద మాటలే అనుకోకండి, మా నర్సీపట్నంలో చదువుకున్నవాళ్లూ చెప్పేవే! నేను రెండింటికీ ఒప్పుకోలేదు గానీ, 'మబ్బు విడిచాక ఎండలో పెడదాం' అనుకుంటూ ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. పాప పాలకి లేవడం లేదు. 'నెమ్మదస్తురాలు' అని మురిసిపోయాం కూడా.

మర్నాడు పొద్దున మా ఆశా కార్యకర్త తూకం సంచీ, థర్మామీటరు పట్టుకుని వచ్చింది. పాప బట్టలు విప్పి, గుమ్మం దగ్గర వెలుతుర్లో నుదుటి మీద, గుండె మీద, కాలి మీద వేలితో నొక్కి చూసింది. అరికాళ్లు తిప్పి చూసింది. అప్పుడు నా వైపు తిరిగి అడిగింది.

"టీచరమ్మా, పాప పుట్టగానే ఏడ్చిందా?"

లేదన్నాను. ఆమె మరో మాట మాట్లాడలేదు. ఫోను తీసి బండికి చేసింది. "ఎండలో పెట్టే పచ్చ కాదమ్మా ఇది, బయల్దేరండి" అంది. పదో తరగతి దాటని ఆ అమ్మాయికి తెలిసింది, రెండు డిగ్రీలున్న నాకు తెలియలేదు.

ఒకే పచ్చ, రెండు రకాల ప్రమాదం

విశాఖ పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే బిలిరుబిన్ 19 వచ్చింది. పాపని నీలి లైట్ల కింద పెట్టారు. తగ్గకపోతే రక్తం మార్చాల్సి వస్తుందని సంతకం తీసుకున్నారు. ఆ రాత్రి ఒక డాక్టరమ్మ ఓపికగా చెప్పిన సంగతులే మీకు చెబుతున్నాను.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి ఎర్ర రక్తకణాలు ఎక్కువ. పుట్టాక అవి విరిగిపోతూ ఉంటే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని బయటికి పంపాల్సిన కాలేయం ఇంకా పూర్తిగా పనిలోకి దిగి ఉండదు. అందుకే నెలలు నిండి పుట్టిన ప్రతి వందమందిలో సుమారు 60 మంది, నెలలు నిండనివాళ్లలో సుమారు 80 మంది ఎంతో కొంత పచ్చబడతారు. రెండు మూడు రోజులకి మొదలై, నాలుగైదు రోజులకి పెరిగి, తర్వాత తగ్గిపోతుంది. మా పెద్దవాడిది ఆ రకం.

పుట్టుకలో ఊపిరందని బిడ్డ సంగతి వేరు. ప్రాణవాయువు తగ్గినప్పుడు కాలేయం కూడా దెబ్బతినవచ్చు. బిడ్డ మందకొడిగా ఉండి పాలు సరిగా తాగదు. పాలు తాగకపోతే విరేచనం కాదు, విరేచనం కాకపోతే పేగుల్లోని బిలిరుబిన్ మళ్లీ రక్తంలోకే చేరుతుంది. కాన్పు కష్టమై తల మీద రక్తం గడ్డకట్టి వాపు వచ్చి ఉంటే, ఆ రక్తం విరిగి పచ్చ ఇంకా పెరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మెదడు. మెదడులోని రక్తనాళాలు కాపలావాళ్లలాంటివి, చెడు పదార్థాల్ని లోపలికి రానివ్వవు. ఊపిరందక రక్తంలో ఆమ్లం పెరిగినప్పుడు ఆ కాపలా సడలిపోతుంది. అప్పుడు మరో బిడ్డని ఏమీ చేయని బిలిరుబినే ఈ బిడ్డ మెదడులోకి చొరబడుతుంది. వినికిడి పోవచ్చు, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేకుండా పోవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు.

అందుకే డాక్టర్లు అందరికీ ఒకే గీత గీయరు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2004లో ఇచ్చిన పట్టిక ప్రకారం, నెలలు నిండిన ఆరోగ్యమైన బిడ్డకి మూడు రోజుల వయసులో సుమారు 18 దగ్గర లైటు పెట్టాలి. నెలలు నిండినా ఊపిరందక పుట్టిన బిడ్డకైతే సుమారు 15 దగ్గరే పెట్టాలి. 2022లో ఆ అంకెల్ని సవరించారు. అయినా పుట్టాక పరిస్థితి నిలకడగా లేని బిడ్డలకి వేరే పట్టికే వాడమన్నారు. డాక్టరు ఏ పట్టిక తీయాలో తెలియాలంటే పుట్టినప్పుడు ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పాల్సింది మనమే.

ఒక నర్సు కనిపెట్టిన వెలుగు

ఈ లైటు వైద్యం మొదలైంది ఒక నర్సు చూపు వల్లనే అంటే నాకు భలే సంతోషమేసింది. 1956లో ఇంగ్లండులోని ఎసెక్స్‌లో, రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ నెలలు నిండని పిల్లల్ని ఎండ రోజుల్లో ఆరుబయటికి తీసుకెళ్లేవారు. ఒక బిడ్డ ఒళ్లంతా తెల్లబడి, మూడు మూలల ముక్కంత మేర మాత్రం పచ్చగా మిగిలింది. అక్కడ దుప్పటి కొస కప్పి ఉందట! 1958లో అక్కడి డాక్టర్ క్రెమర్ బృందం దీపాలతో చేసే వైద్యాన్ని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించింది. నీలి కాంతి బిలిరుబిన్ రూపాన్ని మార్చి పైత్యరసంలో, మూత్రంలో బయటికి పోయేలా చేస్తుంది.

'మరి మనమూ ఎండలోనే పెడుతున్నాంగా?' అని అడిగాను. డాక్టరమ్మ నవ్వారు. ఎండకి కొలత లేదు. ఎక్కువైతే ఒళ్లు కాలుతుంది, బట్టలు విప్పితే చలికి బిడ్డ చల్లబడుతుంది. పైగా ఎండలో పెట్టామన్న నమ్మకంతో ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యమవుతుంది. మా ఇంట్లో జరిగింది అదే కదా!

రక్తం మార్చే అవసరం రాలేదు. మూడో రోజుకి అంకె దిగింది. కానీ మూడో నెలలో చేసిన వినికిడి పరీక్షలో లోపం బయటపడింది. అది ఊపిరందకనా, కామెర్ల వల్లనా అని అడిగితే విడదీసి చెప్పలేమన్నారు. ఆ మంచు రాత్రి నిద్రపోకుండా బయల్దేరి ఉంటే అన్న ప్రశ్న నాతోనే ఉంటుంది. త్వరగా తెలిసింది కాబట్టి ఏడాది నిండకముందే చెవులకి యంత్రాలు పెట్టించాం. ఇప్పుడు తరగతిలో ముందు బల్ల తనదే. అన్నయ్యతో పోట్లాటలో నోరు మాత్రం మా అందరికన్నా పెద్దది!

ఇవి గుర్తుంచుకోండి

* పుట్టిన 24 గంటల్లోపు పచ్చబడినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఛాయ తక్కువ పిల్లల్లో కళ్లు, చిగుళ్లు చూడాలి.

* పాలకి లేవకపోవడం, ఒళ్లు వేలాడేయడం, కీచుగా ఏడ్వడం, విల్లులా వెనక్కి వంగడం చాలా ప్రమాదం. ఒక్క పూట కూడా ఆగకూడదు.

* బిడ్డ ఎప్పుడు ఏడ్చింది, తిత్తితో గాలి పంపారా, ఆక్సిజన్ ఎన్నాళ్లు పెట్టారు అన్నవి చీటీలో రాయించుకోండి. ఆప్గార్ మార్కులు కూడా అడగండి. డాక్టర్ వర్జీనియా ఆప్గార్ 1952లో రూపొందించిన ఈ పద్ధతిలో ఒకటో నిమిషంలో, అయిదో నిమిషంలో బిడ్డకి పదికి ఇన్నని మార్కులు వేస్తారు.

* తల్లిది ఓ గ్రూపు గానీ, నెగిటివ్ రక్తం గానీ అయితే ఆ సంగతీ చెప్పండి.

* చంటిపిల్లల బట్టల్లో కలరా ఉండలు వేయకండి. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కొందరికి పుట్టుకతో జి6పిడి లోపం ఉంటుంది. అలాంటి పిల్లలకి ఆ వాసన తగిలినా రక్తకణాలు విరిగి కామెర్లు ముదురుతాయి.

* రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తల్లిపాలు పట్టండి. గ్లూకోజు నీళ్లు, పసర్లు, వాతలు వద్దు.

* రెండు వారాలు దాటినా పచ్చ తగ్గకపోయినా, విరేచనం సున్నంలా తెల్లగా ఉన్నా కాలేయానికి సంబంధించిన పరీక్షలు చేయించాలి.

* 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద జబ్బుపడిన చంటిబిడ్డకి ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యం, రవాణా ఉచితం. ఖర్చుకి జంకి ఇంట్లో ఉండిపోవద్దు.

ఇప్పుడు మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా నేను వెళ్తాను. ఆడా మగా అని అడగను. "పుట్టగానే ఏడ్చిందా?" అనే అడుగుతాను. మీరూ అడగండి.