మునిర్కా రాళ్ళలో శిలాజాలు ఎందుకు లేవు?

దక్షిణ ఢిల్లీలో ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకొని మునిర్కా అనే పాత గ్రామమొకటి ఉన్నది. నగరం పెరిగి నలువైపులా చుట్టుముట్టగా అది నేడు ఇరుకు సందుల, ఎత్తైన మేడల పేటగా మారినది. సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో చదువుకొనుటకు తెలుగునాట నుండి వచ్చే విద్యార్థులలో పలువురు ఈ సందులలోనే గదులు అద్దెకు తీసుకొంటారు. 1969లో నెలకొల్పబడిన ఆ విశ్వవిద్యాలయ ఆవరణ ఆరావళి పర్వతశ్రేణి ఉత్తరపు కొసపైన ఉన్నది. అందలి రాతిగుట్టలలో ఒకదానికి తొలి ఉపకులపతి జి. పార్థసారథి పేరిట పార్థసారథి రాక్స్ అని వ్యవహారం.

ఈ గుట్టలపై కూర్చొని సూర్యాస్తమయాన్ని చూచేవారు చాలామంది. తాము కూర్చున్న రాయి ఏమిటని అడిగేవారు అరుదు. బూడిదవన్నెలో, కొన్నిచోట్ల లేత గులాబీవన్నెలో కనిపించే ఆ శిలను భూగర్భ శాస్త్రజ్ఞులు క్వార్ట్‌జైట్ అంటారు. ఒకప్పుడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుక గట్టిపడి ఇసుకరాయి అయినది. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి లోనై ఆ ఇసుకరాయి మార్పు చెంది ఇంత కఠినమైనది. ఈ శ్రేణికి చెందిన రాళ్ళపై కొన్నిచోట్ల నాటి అలలు ఇసుకలో వదలిన మడతలు ఇప్పటికీ చూడవచ్చును. ఢిల్లీ మేస్త్రీలు ఎరిగిన బదర్‌పూర్ ఇసుక ఈ జాతి రాతి నుండి వచ్చినదే.

అలల గుర్తులు నిలిచిన రాతిలో శంఖమో, చేప ముల్లో, ఆకు అచ్చో ఒక్కటైనా ఎందుకు కనబడదు? పాఠశాల విద్యార్థికి ఇది మంచి ప్రశ్న. శిలాజాలను గురించి, జీవపరిణామాన్ని గురించి, భూమి వయస్సును గురించి మూడు వేర్వేరు పాఠాలలో చెప్పే విషయమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది.

మొదట తోచే సమాధానం సులభమైనది. వేడికి, ఒత్తిడికి రాయి మార్పు చెందినప్పుడు అందులోని సున్నితమైన అచ్చులు చెరిగిపోతాయి. ఇది నిజమే, కాని సంపూర్ణ సత్యం కాదు. అంతటి మార్పునకు లోనుకాని, అంత ప్రాచీనమైన రాళ్ళను మరొకచోట పరిశీలిస్తే గాని మిగిలిన సగం తెలియదు. అట్టి రాళ్ళు తెలుగుదేశంలోనే ఉన్నవి.

కడప జిల్లాలోని వేంపల్లె పేరిట ప్రసిద్ధమైన డోలమైటు పొరలు అంతగా చెక్కుచెదరలేదు. వాటిలో గోపురాల వలె, ఉల్లిపొరల వలె ఒకదానిపై నొకటి అమరిన వింత ఆకృతులు కనిపిస్తాయి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని సముద్రపు నీటిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు జిగురు పొరలుగా వ్యాపించి, సున్నపు రేణువులను పట్టి ఉంచి, తరం మీద తరంగా కట్టిన కట్టడాలివి. అంటే ప్రాణి ఉన్న గుర్తును నిలుపుకొనగల రాయి అది. అయినప్పటికీ అందులో ఎముక లేదు, గవ్వ లేదు, ఆకు లేదు. సూక్ష్మజీవుల జాడ మాత్రమే ఉన్నది. తెలుగువారు అరుగులకు, వంటింటి గట్లకు వాడే కడప బండ ఆ పరిసరాల సున్నపురాతి పొరలదే. ఎన్ని తరాలుగా ఎన్ని బండలు తీసినా వాటిలో చేప ముల్లు కనబడలేదు.

వేంపల్లె పొరల వయస్సును కట్టిన విధానం పాఠశాల విద్యార్థి కూడా గ్రహించదగినది. వాటికి పైన తాడిపత్రి పొరలు ఉన్నవి. ఆ తాడిపత్రి పొరలలోనికి కరిగిన శిలాద్రవం చొచ్చుకొనివచ్చి పులివెందుల వద్ద గడ్డకట్టినది. ఆ అగ్నిశిల వయస్సు సుమారు 189 కోట్ల సంవత్సరాలని నిర్ణయించినారు. పొరలు ముందే ఉంటేనే గదా, వాటిలోనికి ఏదైనా చొచ్చుకొనిపోగలిగేది! కాబట్టి తాడిపత్రి పొరలు అంతకంటె పాతవి. వాటి కింద ఉన్న వేంపల్లె పొరలు మరింత పాతవి.

ఇట్టి లెక్కలకు ఆధారం యురేనియం వంటి మూలకాలు. యురేనియంలో 238 ద్రవ్యరాశి సంఖ్య గల రకం క్రమంగా సీసంగా మారుతుంది. ఎంత ఉన్నా, అందులో సగం మారుటకు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. స్ఫటికంలో మిగిలిన యురేనియమెంతో, ఏర్పడిన సీసమెంతో కొలిస్తే ఆ స్ఫటికం పుట్టి ఎంతకాలమైనదో తెలుస్తుంది. ఇసుకతో ఏర్పడిన శిల విషయంలో మాత్రం జాగ్రత్త వహించవలెను. మునిర్కా రాతిలోని ఇసుక రేణువు అంతకుముందే ఏదో కొండలో పుట్టి, అరిగి, కొట్టుకొనివచ్చినది. రేణువు వయస్సు శిల వయస్సు కాదు. తనలోని అతి చిన్న వయస్సు గల రేణువు కంటె శిల తరువాతిది అని మాత్రమే అది చెప్పగలదు. ఇట్టి ఆధారాలను బట్టి ఢిల్లీ శిలలు నూరు కోట్ల సంవత్సరాలకు మించినవని, నూట డెబ్బది కోట్లకు లోపలివని చెప్పవచ్చును.

కోట్లలో చెప్పిన కాలం మనస్సునకు అందదు. లక్ష సంవత్సరాలకు ఒక మీటరు చొప్పున దారి వేసినామనుకొందాం. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు గనుక ఆ దారి పొడవు 45 కిలోమీటర్లు దాటుతుంది. ఆ కొస నుండి బయలుదేరి నేటి మునిర్కా చేరవలసిన బాటసారికి, ఇంకా 19 కిలోమీటర్లకు పైగా దూరమున్నదనగా వేంపల్లె కట్టడాలు ఎదురవుతాయి. ఢిల్లీ గుట్టల ఇసుక పేరుకొనినది పదికి, పదిహేడుకు మధ్య కిలోమీటర్ల దూరంలో. గుల్లలు, పెంకులు గల జంతువులు విస్తారంగా కనబడే కేంబ్రియన్ యుగం మునిర్కాకు 5.4 కిలోమీటర్ల దూరంలో గాని రాదు. ఇక నేటి మానవజాతి సుమారు మూడు లక్షల సంవత్సరాల నాటిది. అది గుమ్మానికి మూడు మీటర్ల దూరం! మునిర్కా చుట్టుపట్ల నిలిచి ఉన్న లోదీల కాలపు గుమ్మటాలు అర సెంటీమీటరు.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు పూర్తి సమాధానం దొరికినది. మునిర్కా రాతిలో ఎముకలు లేకపోవుటకు శిల మార్పు చెందుట ఒక్కటే కారణం కాదు. ఆ ఇసుక పేరుకొనిన నాటికి ఎముక గల ప్రాణి భూమిపై లేదు. లేమి కూడా ఒక సాక్ష్యమే.

ఈ సందర్భంలో జె.బి.ఎస్. హాల్డేన్ పేరు స్మరింపదగినది. ఇంగ్లండులో ప్రసిద్ధుడైన ఈ జీవశాస్త్రజ్ఞుడు 1957లో భారతదేశానికి వచ్చి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పనిచేసి, భారత పౌరసత్వాన్ని స్వీకరించి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసినాడు. పరిణామ సిద్ధాంతాన్ని తప్పని చూపగల సాక్ష్యమేది అని అడుగగా, కేంబ్రియన్ యుగానికి పూర్వపు శిలలలో కుందేలు శిలాజం దొరికితే చాలునని ఆయన అన్నట్లు ప్రతీతి. విజ్ఞాన శాస్త్రం విశ్వాసానికి భిన్నమగుట ఇక్కడనే. తాను ఎట్లా ఓడిపోగలదో అది ముందుగానే చెప్పి ఉంచుతుంది. వేంపల్లె రాయిని పగులగొట్టే ప్రతి సమ్మెటపోటు ఆ సిద్ధాంతానికి ఒక పరీక్ష. కుందేలు ఇంతవరకు కనబడలేదు.

ప్రాణుల అవశేషాలు సమృద్ధిగా గల పొరలకై ప్రాణహిత, గోదావరి లోయకు పోవలెను. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించిన నాటి నుండి ఆ లోయకు పారిశ్రామిక ప్రాముఖ్యం కలిగినది. సింగరేణి బొగ్గు పొరల నడుమ నాలుక ఆకారంలో గల ఆకుల అచ్చులు కనబడుతాయి. గ్లాసోప్టెరిస్ అనబడే ఈ చెట్టు ఆకులే ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో దొరికినవి. దక్షిణ ధ్రువ యాత్ర నుండి తిరిగివస్తూ 1912లో మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం చివరి వరకు మోసుకొనివచ్చిన రాళ్ళలో కూడా ఈ ఆకు ఉన్నది. ఇన్ని ఖండాలు ఒకనాడు ఒకే భూభాగమనుటకు ఈ ఆకు ముఖ్యమైన ఆధారమైనది. ఆ మహాఖండానికి ప్రపంచమంతటా వాడుకలో నున్న గోండ్వానా అనే పేరు మన గోండుల సీమ నుండి వచ్చినది. విశాఖపట్నం విద్యార్థి గాని, బ్రెజిల్ విద్యార్థి గాని భూగర్భ శాస్త్రం చదువుతూ గోండుల పేరు పలుకక తప్పదు.

బొగ్గు పొరలకు పైన, అనగా వాటి తరువాతి కాలానివి, కోట పొరలు. వీటిలోని సున్నపురాతిలో చేపల శిలాజాలు పందొమ్మిదవ శతాబ్దంలోనే బయటపడినవి. ఈ లోయలో పోచంపల్లి వద్ద లభించిన పెద్ద డైనోసారు ఎముకలను గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు 1961 ప్రాంతంలో త్రవ్వి తీసినారు. అది రవీంద్రుని శతజయంతి సంవత్సరం గనుక ఆ జంతువునకు ఆయన పేరు చేర్చి, 1975లో బారాపాసారస్ టాగొరై అని నామకరణం చేసినారు. ‘బారా పా’ అనగా బంగాళీలో పెద్ద కాలు. ఆ తొడ ఎముక పొడవు మనిషంత ఎత్తు, 1.7 మీటర్లు! లోయలోనే యామన్‌పల్లి వద్ద కనీసం పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకల భాగాలు ఒక్కచోట దొరికినవి. పి. యాదగిరి 1988లో దీనిని కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ పేరుతో వర్ణించినారు. హైదరాబాదులోని బిర్లా సైన్సు కేంద్రంలో ఆ ఎముకలతో కూర్చిన అస్థిపంజరాన్ని చూడవచ్చును.

కోటాసారస్ పెద్దదైనందువలన మాత్రమే ముఖ్యమైనది కాదు. దాని ఎముకలలో కొన్ని తన కంటె ముందటి చిన్న డైనోసార్ల లక్షణాలను, కొన్ని తరువాతి మహాకాయుల లక్షణాలను చూపుతాయి. పరిణామమంటే కోతి ఒకనాడు మనిషిగా మారుట అని భావించేవారు ఇప్పటికీ ఉన్నారు. అట్లా భావించేవారికి ఈ ఎముకలను చూపుట వాదించుట కంటె మేలు. పాతదనం, కొత్తదనం ఒకే దేహంలో కలిసి ఉండుటయే పరిణామం శిలలో వదలే ముద్ర.

ఇంతటి విషయం పాఠశాల పుస్తకాలలో చెదరి ఉన్నది. శిలల సంగతి భూగోళంలో, రేడియోధార్మికత భౌతికశాస్త్రంలో, శిలాజాలు జీవశాస్త్రంలో వస్తాయి. ఈ మూడింటిని కలిపి చెప్పే అవకాశం పదవ తరగతిలో కొంత ఉండేది. మునిర్కాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, శ్రీ అరవిందో మార్గ్‌లో ఉన్న జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 1961లో ఏర్పడినది. మహమ్మారి అనంతరం విద్యార్థులపై భారం తగ్గించే ఉద్దేశంతో 2022లో ఈ సంస్థ పాఠ్యాంశాలను కుదించినది. ‘అనువంశికత, పరిణామం’ అనే పదవ తరగతి అధ్యాయం ‘అనువంశికత’ మాత్రమే అయినది. శిలాజాలు, జాతుల ఆవిర్భావం, మానవ పరిణామం అనే భాగాలు తొలగినవి. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, విద్యావేత్తలు వీటిని పునరుద్ధరించవలెనని బహిరంగ లేఖలో కోరినారు. పన్నెండవ తరగతి జీవశాస్త్రంలో పరిణామ అధ్యాయం ఉంచబడినదని దీనికి సమాధానం చెప్పబడినది. అది వాస్తవమే. కాని పదవ తరగతి తరువాత జీవశాస్త్రం ఎన్నుకొనే వారెందరు? వాణిజ్య, కళా విభాగాలకు వెళ్ళే విద్యార్థికి పదవ తరగతియే చివరి అవకాశం. రేపు అతడు న్యాయవాది కావచ్చును, పాత్రికేయుడు కావచ్చును, తన ఊరి గుట్టను క్వారీకి ఇచ్చే విషయం నిర్ణయించవలసిన సర్పంచు కూడా కావచ్చును. భారం తగ్గించుట అవసరమే. అయితే యుగాల పేర్ల పట్టికను వరుసగా వల్లించుట భారం గాని, ఈ రాతిలో ఎముక ఎందుకు లేదని ఆలోచించుట భారం కాదు. పట్టికను తగ్గించి ప్రశ్నను ఉంచవచ్చును.

దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఢిల్లీ ఉపాధ్యాయునికి గుట్ట ఉన్నది. కడప ఉపాధ్యాయునికి వేంపల్లె పొరలు, గోదావరిఖని ఉపాధ్యాయునికి బొగ్గు పొర మీది ఆకు, రాజమండ్రి ఉపాధ్యాయునికి దుద్దుకూరు పరిసరాలలో లావా పొరల నడుమ చిక్కిన సముద్రజీవుల గుల్లలు ఉన్నవి. రాయిని పెకలించి తేవలసిన పని కూడా లేదు. ఛాయాచిత్రాలు తీసి, ఏ పొరపై ఏ పొర ఉన్నదో గీసి, ఒక పాఠశాల మరొక పాఠశాలకు పంపుకొనవచ్చును. ఏ ఒక్క ఊరిలోనూ భూమి చరిత్ర సంపూర్ణంగా లేదు. ఢిల్లీలోనే గుట్టల రాతికి, దానిపై యమున పరచిన ఒండ్రుమట్టికి మధ్య నూరు కోట్ల సంవత్సరాలకు మించిన విరామమున్నది. ఆ విరామంలో జరిగినదేమిటో గోదావరి లోయ చెప్పవలెను. నగరానికి దక్షిణంగా అనంగ్‌పూర్ వద్ద ఆదిమ మానవుడు ఈ క్వార్ట్‌జైటునే చెక్కి చేసిన పనిముట్లు లభించినవి. ఏ ప్రాణీ తన ఎముకను వదలని రాతి నుండి ఒక ప్రాణి తన గొడ్డలిని తీసుకొన్నది!

శిలాజాలను పాఠశాల పిల్లలకు, సామాన్యులకు చేరువ చేయవలెనని తపించినవారిలో బీర్బల్ సాహ్ని అగ్రగణ్యుడు. లక్నోలో ఆయన స్థాపించిన ప్రాచీన వృక్షశాస్త్ర సంస్థకు 1949 ఏప్రిల్ 3న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. వారం తిరగకముందే, ఏప్రిల్ 10న, సాహ్ని మరణించినారు. ఆ శంకుస్థాపన శిలలో వివిధ యుగాలకు చెందిన శిలాజాలు పొదిగి ఉన్నవి. ఆ సంస్థకు వెళ్ళినవారు వాటిని నేటికీ చూడవచ్చును.