వెబ్ అప్లికేషను ప్రతిష్ఠాపనము: ఇంటి కంప్యూటరునుండి క్లౌడునకు

ఉపోద్ఘాతము

శిల్పి తన పాకలో విగ్రహమును చెక్కుట ఒక పని; దానిని ఆలయమునకు కొనిపోయి పీఠముపై నిలుపుట వేఱొక పని. పాకలో నెంత సుందరముగా నున్నను, పీఠమునకు సరిపడనిచో విగ్రహము నిలువదు. వెబ్ అప్లికేషను విషయమునను ఇట్లే రెండు పనులు గలవు. నిర్మాత మొదట తన బల్లమీది కంప్యూటరులో దానిని వ్రాసి, నడపి, సరిచూచుకొనును. పిమ్మట దానిని రాత్రింబగళ్లు మేల్కొనియుండు సర్వరుమీదికి చేర్చి లోకమునకు అందించును. మొదటి స్థానమునకు డెవలప్‌మెంటు ఎన్విరాన్‌మెంటు అనియు, రెండవదానికి ప్రొడక్షను అనియు వ్యవహారము. ఒకదానినుండి మఱియొకదానికి చేర్చు క్రియయే డిప్లాయ్‌మెంటు. ఈ వ్యాసమున దానికి ప్రతిష్ఠాపనము అను మాట వాడబడినది.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి సంఘములకు ఈ విషయము పరాయిది కాదు. ఒక సంఘము తన సభ్యుల ఇంటిపేర్లను, వలస వచ్చిన కథలను, పెద్దల నోట మిగిలియున్న పెండ్లిపాటలను వెబ్‌లో భద్రపఱుపదలచినదనుకొందము. వానిలో కొన్ని మఱెచటను వ్రాతలో లేకపోవచ్చును. అట్టివి ఒకసారి పోయినచో మరల దొరకవు. కావున ఆ అప్లికేషను ఎట్లు ప్రతిష్ఠింపబడునో, ఏయే చోట్ల నష్టము సంభవించునో తెలిసికొనుట ప్రోగ్రాము వ్రాయువారికే కాక, సంఘ నిర్వాహకులకును అవసరము.

క్లౌడు అనగానేమి?

క్లౌడు అను మాట ఆకాశమును స్ఫురింపజేసినను, వస్తుతః అది నేలమీద గట్టి కట్టడములలో వరుసలుగా నమర్చిన కంప్యూటర్ల సముదాయము. వానిని కొనక, వాడుకొనినంతకు అద్దె చెల్లించు పద్ధతియే క్లౌడు హోస్టింగు. అమెరికాలోని ప్రమాణముల సంస్థయగు నిస్ట్ 2011లో దీనికి ఐదు లక్షణములను నిర్దేశించినది: కోరినవెంటనే వాడుకరి తానే పొందగల్గుట, నెట్‌వర్కు ద్వారా అందుట, ఒకే వనరుల రాశిని పలువురు పంచుకొనుట, అవసరమునుబట్టి వేగముగ పెంచుకొన దించుకొన వీలగుట, వాడుక కొలవబడుట. ఈ కడపటి లక్షణమును నిర్వాహకులు మఱువరాదు. కొలత గలచోట బిల్లు తప్పదు.

2006 మార్చిలో అమెజాను సంస్థ ఎస్3 అను నిల్వసేవను, ఆగస్టులో ఈసీ2 అను అద్దె సర్వర్ల సేవను ప్రారంభించినది. ఈ పద్ధతి ప్రబలుటకు అవి ముఖ్య కారణములు. భారతదేశమున మైక్రోసాఫ్టు 2015లో పుణె, చెన్నై, ముంబయిలలోను, అమెజాను 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను, గూగుల్ 2017లో ముంబయిలోను, 2021లో ఢిల్లీలోను తమ కేంద్రములను తెఱచినవి. ఇందువలన బెంగుళూరులోనో బరంపురములోనో ఉన్న పాఠకుని కోరిక సముద్రములు దాటి పోవలసిన పని తప్పినది.

హోస్టింగు స్థూలముగా రెండు విధములు. మొదటిదానిలో ఖాళీ సర్వరు మాత్రమే అద్దెకు లభించును. దానిని సిద్ధపఱచుట, కాపాడుట వాడుకరి పని. రెండవదానిలో ప్రోగ్రామును అప్పగించినచో తక్కినదంతయు సంస్థయే చూచుకొనును. 2007లో ఆరంభమైన హెరోకు ఈ రెండవ విధమునకు ప్రసిద్ధమగు ఉదాహరణము.

మూడు భాగములు

ప్రతి వెబ్ అప్లికేషనునందును మూడు భాగములు గలవు. మొదటిది ప్రోగ్రాము, అనగా కోడు. రెండవది అమరికలు: డేటాబేసు చిరునామా, రహస్యపదములు మొదలగునవి. మూడవది సమాచారము, అనగా డేటా. ఇంటి కంప్యూటరులో ఈ మూడును ఒకే సంచిలో నుండుటచే నిర్మాతకు భేదము కానరాదు. ప్రతిష్ఠాపనమున కలుగు చిక్కులలో పెక్కు ఈ మూడింటిని ఒకే మూటగా తలచుటవలన పుట్టుచున్నవి.

కోడు ఇంటను, సర్వరునందును అక్షరము మాఱక ఒకటిగా నుండవలయును. ఇందులకై 2005లో లినస్ టోర్వాల్డ్స్ రచించిన గిట్ అను సాధనము నేడు విరివిగా వాడబడుచున్నది. ప్రతి మార్పును అది చరిత్రతోకూడ దాచును. ఏ దినమున ఏ పంక్తి మాఱెనో చూపును. చేతితో ఫైళ్లను నకలు చేయుటలోని ప్రమాదమునకు నైట్ క్యాపిటల్ అను అమెరికా వాటా వ్యాపార సంస్థ ఉదంతము నిదర్శనము. వారు 8 సర్వర్లపై క్రొత్త ప్రోగ్రామును ఉంచవలసియుండగా ఒకదానిని విడిచిరి. 2012 ఆగస్టు 1న ఆ ఒక్క సర్వరుమీది పాత కోడు మేల్కొని తప్పుడు కొనుగోళ్లు, అమ్మకములు సాగించినది. సుమారు 45 నిమిషములలో 44 కోట్ల డాలర్లకు పైబడిన నష్టము వాటిల్లినది. అది వెబ్ అప్లికేషను కాకపోయినను, పాఠము ఒక్కటే: చేర్చు పనిని మనుష్యుని జ్ఞాపకమునకు విడువక, యంత్రముచేతనే ఒకే క్రమమున చేయింపవలయును.

అమరికలు దీనికి విరుద్ధము. అవి స్థలమునుబట్టి మాఱవలసినవి; కోడులో కలిసిపోరాదు. హెరోకు నిర్మాతలలో ఒకరగు ఆడమ్ విగ్గిన్స్ 2011లో ప్రకటించిన ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్ అను సూత్రావళి, అమరికలను కోడుకు వెలుపల, సర్వరుయొక్క ఎన్విరాన్‌మెంటు వేరియబుల్సులో నుంచవలెనని విధించుచున్నది. రహస్యపదము కోడులో నిలిచి, ఆ కోడు బహిరంగమైనచో, ఇంటి తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీసినట్లగును.

సమాచారము ఈ రెండింటికిని భిన్నము. అది ప్రతిష్ఠాపనమునకు పిదప, వాడుకరుల చేతులలో, ప్రొడక్షనునందే పుట్టి పెరుగును. కోడు పోయిన నకళ్లుండును. అమరికలు పోయిన మరల వ్రాయవచ్చును. సమాచారము పోయినచో దానిని వ్రాయించిన ముసలివారు ఉండకపోవచ్చును.

ఒక ఉదాహరణము

పైథాను భాషలో వెబ్ అప్లికేషనులు నిర్మించుటకు జాంగో అను చట్రము కలదు. అమెరికాలోని లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కార్యాలయమున పుట్టి, 2005లో అందఱకును ఉచితముగ విడుదలయ్యెను. దానితో నిర్మించిన పాటల సంగ్రహమును క్లౌడునకు చేర్చుటలో ఈ క్రింది మెట్లు వచ్చును.

ముందుగా అప్లికేషను ఆధారపడిన గ్రంథాలయములు, అనగా లైబ్రరీలు, వాని సంచిక సంఖ్యలతో ఒక పట్టికలో వ్రాయబడవలయును. సర్వరు ఆ పట్టికను చూచి వానినే తెచ్చుకొనును. ఇంట నొక సంచిక, అచట నొక సంచిక యుండుట పెక్కు లోపములకు మూలము. 2013లో వెలువడిన డాకర్ అను సాధనము ఇంకొక మెట్టు ముందుకు పోయి, అప్లికేషనును దాని పరిసరములతోసహా ఒకే పెట్టెలో కట్టి పంపుటను సులభముచేసినది.

రెండవది, డీబగ్ అను అమరికను ఆర్పుట. నిర్మాణ సమయమున తప్పు జరిగినచో జాంగో వివరములన్నియు తెరమీద చూపును. అది నిర్మాతకు మేలు. ప్రొడక్షనులో నదియే అపరిచితులకు ఇంటి గుట్టు విప్పి చూపుట యగును. ఇంట వాడు చిన్న సర్వరును ప్రొడక్షనులో వాడవలదని జాంగో గ్రంథమే హెచ్చరించుచున్నది. దాని స్థానమున గునికార్న్ వంటి గట్టి సర్వరును నిలుపుదురు.

మూడవది డేటాబేసు. జాంగో మొదట ఎస్‌క్యూలైట్ అను డేటాబేసును ఇచ్చును. అది కోడు ప్రక్కన నుండు ఒకే ఫైలు. హెరోకు వంటి చోట్ల సర్వరు దినమున కొకమారైనను పునఃప్రారంభమగును. అపుడు దానిమీద వ్రాసిన ఫైళ్లన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. ఉదయము ఎక్కించిన పాటలు మఱునాటికి కానరాకపోవుట ఇందువలననే. కావున సమాచారమును పోస్ట్‌గ్రెస్ వంటి వేఱు డేటాబేసు సేవయందును, ఛాయాచిత్రములను, ధ్వని ముద్రణలను ఎస్3 వంటి నిల్వసేవయందును ఉంచవలయును.

నాలుగవది ఫైళ్ల పేర్లు. విండోస్ కంప్యూటరు ఆంగ్లపు పెద్ద, చిన్న అక్షరముల భేదమును సాధారణముగా పాటింపదు. సర్వర్లలో విరివిగా నుండు లినక్సు పాటించును. ఇంట కనబడిన బొమ్మ సర్వరుపై కనబడకుండుటకు ఈ ఒక్క అక్షరభేదము చాలును.

కడపట డొమైను పేరును సర్వరునకు జోడించి, రాకపోకలను గుప్తపఱచు సర్టిఫికెట్టును పొందవలయును. 2015 డిసెంబరులో ప్రజలందఱకును తెఱవబడిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సేవ దీనిని ఉచితముగ నిచ్చుచున్నది. దీని గడువు స్వల్పము గావున, తనంతట నవీకరించుకొను ఏర్పాటు చేయవలయును.

తెలుగు అక్షరములు, భారత కాలము

తెలుగు అప్లికేషనుకు కొన్ని ప్రత్యేకమగు చిక్కులు కలవు. యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేత మొక్కొక్కటి 3 బైట్లను ఆక్రమించును. తెలుగు అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి 6 సంకేతములు. అనగా 18 బైట్లు. ఇంటి డేటాబేసు యూనికోడును గ్రహించి, సర్వరుమీది డేటాబేసు గ్రహింపనిచో నష్టము కలుగును. 2018లో వచ్చిన 8.0 సంచికకు పూర్వము మైఎస్‌క్యూఎల్ డేటాబేసు, వేఱుగ చెప్పనిచో, లాటిన్ లిపి పద్ధతినే అవలంబించెడిది. అందు తెలుగు వ్రాసినచో కొన్ని అమరికలలో ప్రతి సంకేతమునకు బదులు ఒక ప్రశ్నార్థకము నిలిచెడిది. అక్షరములు వికృతముగా కనబడినంత మాత్రమున కంగారుపడ నక్కఱలేదు. పెక్కుమార్లు వానిని తిరిగి సరిచేయవచ్చును. ప్రశ్నార్థకములుగా నిల్వయైనవి మాత్రము ఎన్నటికిని తిరిగి రావు.

అచ్చునకై సర్వరే పీడీఎఫ్‌ను తయారుచేయునపుడు మఱియొక చిక్కు. వెబ్ పుటకు పాఠకుని యంత్రములోని ఫాంటు ఆదుకొనును. పీడీఎఫ్‌నకు సర్వరుమీదనే ఫాంటు ఉండవలయును. లేనిచో అక్షరములకు మాఱుగ ఖాళీ గళ్లు వచ్చును. నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంటును అప్లికేషనుతో పంపినచో ఈ లోపము తొలగును. ఒత్తులను కూర్చు శక్తి గల సాఫ్ట్‌వేరును ఎన్నుకొనుటయు ముఖ్యము. స్త్రీ, రాష్ట్రము, వాఙ్మయము అను మాటలను, పాత వ్రాతలలోని బండిరా, అరసున్నలను ఎక్కించి, నిల్వచేసి, తిరిగి చదివి, అచ్చువేసి చూచుట మంచి పరీక్ష.

కాలమును గూర్చియు జాగ్రత్త వలయును. సర్వర్లు సాధారణముగా యూటీసీ కాలమును అనుసరించును. భారత కాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. ఉగాదినాడు ఉదయము 5 గంటలకు నిర్ణయించిన కార్యక్రమము, సవరణ లేనిచో, ముందునాటి రాత్రి 11:30 గంటలకు ఉన్నట్లు కనబడును. కాలమును యూటీసీలో దాచి, చూపునపుడు మాత్రము భారత కాలమునకు మార్చుట మేలు.

సమాచార రక్షణము

క్లౌడులో నుంచినంత మాత్రమున సమాచారము భద్రమైనదనుట పొరపాటు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, తాను సహాయక సర్వరుపై పనిచేయుచున్నానని భ్రమించి, ప్రధాన సర్వరుమీది డేటాబేసును తుడిచివేసెను. ఆపుటకు ముందే సుమారు 300 గిగాబైట్లు పోయెను. నకలు తీయుటకు ఏర్పఱచుకొనిన ఐదు విధానములును ఆ సమయమున అక్కఱకు రాలేదు. సుమారు 6 గంటలకు పూర్వము వేఱు ప్రయోజనమునకై ఒకరు తీసియుంచిన నకలు వారిని ఆదుకొనినది. వాడుకరుల కోడు చెక్కుచెదరలేదు. ఆ 6 గంటలలో డేటాబేసున చేరిన సమాచారము మాత్రము పోయినది. సంస్థ ఈ వృత్తాంతమును దాచక తానే ప్రకటించెను.

2021 మార్చి 10న ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థయొక్క ఒక కట్టడము అగ్నికి ఆహుతియైనది. నకళ్లు అదే ప్రాంగణమున నుంచుకొనిన కొందఱు వాడుకరులు అసలును, నకలును కూడ పోగొట్టుకొనిరి.

ఈ రెండు ఉదంతములవలన రెండు నియమములు ఏర్పడుచున్నవి. నకలు అసలునకు దూరముగ, వీలైనచో వేఱొక సంస్థయొద్ద నుండవలయును. నకలు తీయుటతో తృప్తిపడక, దానినుండి అప్లికేషనును వేఱొకచోట తిరిగి నిలిపి చూడవలయును. ఆరు నెలల కొకమారైనను ఇట్లు చేయని సంఘమునకు నకలున్నదని చెప్పుటకు వీలులేదు.

ఉపసంహారము

హెరోకు తన ఉచిత సేవను 2022 నవంబరు 28న ముగించినది. ఉచితమని నిలిపిన అప్లికేషనులు నాటితో రుసుము చెల్లించి నిలువవలసినవైనవి. లేదా వేఱొకచోటు వెదకుకొనవలసినవైనవి. నకలు, గిట్ చరిత్ర, అమరికల పట్టిక చేత నున్నవారికి ఇల్లు మాఱుట కొన్ని దినముల పని. లేనివారికి అది మొదటినుండి ఆరంభించు పని.

సంఘములలో కార్యవర్గములు మాఱుచుండును. డొమైను పేరు ఒక సభ్యుని సొంత పేరుతోను, క్లౌడు ఖాతా వేఱొకరి బ్యాంకు కార్డుతోను ఉన్నచో, వారు ఊరు విడిచిన నాడు సంగ్రహమునకు దిక్కుండదు. కావున ఖాతా సంఘము పేర నుండవలయును. నెలసరి వ్యయము ఆయవ్యయ పట్టికలో చేరవలయును. ప్రతిష్ఠాపన విధానము తెలుగులో వ్రాయబడి, కనీసము ఇద్దఱికి తెలిసియుండవలయును. పాత కార్యదర్శి క్రొత్తవారికి రసీదు పుస్తకములను, మినిట్స్ పుస్తకమును అప్పగించునపుడు, ఈ వ్రాతను, ఖాతా వివరములను, సరిచూచిన నకలును కూడ అప్పగించుట ఆనవాయితీ కావలయును. తాతముత్తాతలు ఊరు విడిచి వచ్చినపుడు వెంట తెచ్చికొనిన మాటలను పాటలను మనుమలు వెదకు దినమున, అవి చదువదగిన తెలుగున దొరకుట ఈ చిన్న పనులపై ఆధారపడియున్నది.