నూనె బలమే... కానీ ఆవు కడుపు తీరు వేరు

తెల్లారి ఆరు గంటలకు శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు ఏ పల్లెకు పోయినా పాల డైరీ ముందు వరుస కట్టిన క్యాన్లు కనిపిస్తాయి. పాలు పోసి చీటీ అందుకున్న రైతు ముందు చూసేది లీటర్లు కాదు, ఫ్యాట్. అది రెండు పాయింట్లు తగ్గితే చాలు, ఇంటికొచ్చేదాకా అదే ధ్యాస. "దాణా సాలలేదేమో, ఇంత నూనె పోస్తే సరిపోతాది" అని పక్కనున్నవాళ్లు సలహా ఇస్తారు. సాయంత్రానికి వంటింట్లోని నూనె కుడితి తొట్టిలోకి చేరుతుంది. వారం తిరిగేసరికి ఫ్యాట్ పెరగకపోగా ఇంకాస్త దిగుతుంది. ఎందుకిలా?

కోలారు జిల్లాను పట్టు, పాలు, బంగారం సీమ అనేవారు. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. చింతామణి, బాగేపల్లి మొదలుకొని అటు తమిళనాడులోని హోసూరు, బేరికె దాకా తెలుగు కుటుంబాలకు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఇప్పుడు ఎక్కువగా పాలతోనే. అందుకే పశువుకు పెట్టే కొవ్వు సంగతి కాస్త నిదానంగా తెలుసుకోవాలి.

ఈనిన తర్వాతే అసలు కష్టం

ఒక లీటరు ఆవు పాలలో సుమారు 650 నుంచి 700 కిలోక్యాలరీల శక్తి ఉంటుంది. పదిహేను లీటర్లు ఇచ్చే సంకర జాతి ఆవు రోజూ పదివేల కిలోక్యాలరీలు పాల రూపంలోనే బయటికి పంపుతుందన్నమాట. ఇది కాక దాని ఒంటికి కావలసింది వేరే.

చిక్కు ఎక్కడంటే, ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలకే పాలు గరిష్ఠానికి చేరతాయి. మేత తినే శక్తి మాత్రం పది, పన్నెండు వారాలకు గానీ పూర్తిగా రాదు. ఈ మధ్యలో వచ్చే లోటును ఆవు తన ఒంట్లోని కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. డొక్కలు తేలడం, తుంటి ఎముకలు బయటపడటం అందుకే. లోటు మరీ పెరిగితే కీటోసిస్ వస్తుంది. ఆవు దాణా ముట్టదు, పాలు ఒక్కసారిగా పడిపోతాయి. సకాలంలో ఎదకు రాదు, వచ్చినా చూడి నిలవదు. ఒక ఈత ఆలస్యమైతే ఆ ఇంటికి నెలల తరబడి రాబడి పోయినట్టే.

నూనెకు అంత బలమెందుకు?

గ్రాము పిండి పదార్థంలో సుమారు 4 కిలోక్యాలరీలుంటే గ్రాము కొవ్వులో 9 ఉంటాయి. అంటే రెండింతలకు పైమాటే. కడుపు నిండా తినలేని రోజుల్లో తక్కువ మేతలో ఎక్కువ శక్తి పట్టించాలంటే కొవ్వును మించింది లేదు. శక్తి కోసమని జొన్న పిండి, మొక్కజొన్న పిండి గంపలకొద్దీ పెడితే కడుపులో పులుపు పెరిగి ఆవు మొదటికే మోసం వస్తుంది. కొవ్వుతో ఆ పులుపు బాధ లేదు.

బాయిలర్ కోళ్ల దాణాలో నూనె నేరుగా కలుపుతారు కదా, ఆవుకెందుకు కలపకూడదని కొందరు అడుగుతుంటారు. కోడికి నెమరు లేదు. ఆవుకు ఉంది. తేడా అంతా అక్కడే.

పోసిన నూనె ఏమవుతుంది?

ఆవు తిన్న గడ్డిని ముందుగా అరిగించేది ఆవు కాదు, దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు. రాగి గడ్డి, జొన్న చొప్పలోని పీచును అవి పులియబెడతాయి. అప్పుడు పుట్టే ఆమ్లాలే పాలలోని వెన్నకు పెద్ద ముడిసరుకు. మనం పోసిన నూనె పీచు చుట్టూ పొరలా పట్టేస్తుంది. ఆ సూక్ష్మజీవుల్లో కొన్నింటికి నూనె విషంతో సమానం. గడ్డి సరిగా అరగదు, పేడ పలచనవుతుంది, మేత తగ్గుతుంది. దీనికి తోడు పొద్దుతిరుగుడు, సోయా వంటి నూనెలు పొట్టలో మారేటప్పుడు పుట్టే కొన్ని కొవ్వులు పొదుగులో వెన్న తయారీనే అడ్డుకుంటాయి. ఫ్యాట్ కోసం నూనె పోస్తే ఉన్న ఫ్యాట్ పోయేది ఇందుకే.

కాబట్టి ఒక హద్దు ఉంది. గడ్డి, దాణా అన్నీ కలిపి, తేమ తీసేసిన లెక్కన మొత్తం మేతలో కొవ్వు 6 శాతం లోపు ఉండటం క్షేమం.

చెక్కలోనే దాగి ఉంది

పాతకాలంలో నూనె పోయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. గానుగ చెక్కలోనే అది ఉండేది. కన్నడంలో హిండి అన్నా, తమిళంలో పుణ్ణాక్కు అన్నా, మనం చెక్క అన్నా సరుకు ఒకటే. కానీ గానుగలో, మర ఒత్తిడిలో తీసిన వేరుశనగ చెక్కలో 7, 8 శాతం నూనె మిగులుతుంది. రసాయన ద్రావకంతో పూర్తిగా పిండేసిన చెక్కలో మిగిలేది ఒక శాతం దరిదాపుల్లోనే. మాంసకృత్తులు రెండింటిలోనూ ఉంటాయి గానీ శక్తిలో తేడా వస్తుంది. తవుడు కూడా అంతే. మిల్లు నుంచి తాజాగా వచ్చిన తవుడులో 12 నుంచి 18 శాతం దాకా నూనె ఉంటే, నూనె తీసిన తవుడులో దాదాపు ఏమీ ఉండదు. సంచి కొనేటప్పుడు దానిమీది కొవ్వు శాతం చూసుకోవడం అందుకే అవసరం. కన్నడంలో కొబ్బు అని, తమిళంలో కొళుప్పు అని రాసి ఉంటే అది మన కొవ్వే.

పత్తి గింజలది ఇంకో దారి. గింజలో 18 నుంచి 20 శాతం నూనె ఉన్నా, పొట్టు లోపల ఉండటంతో మెల్లమెల్లగా బయటికొస్తుంది. పైగా పీచూ దొరుకుతుంది. పెద్ద ఆవుకు రోజుకు కిలో వరకు పెడితే సుమారు 200 గ్రాముల నూనె అందినట్టే. దూడలకు మాత్రం వద్దు. పత్తి గింజలోని గాసిపాల్ అనే విషపదార్థం వాటికి చేటు చేస్తుంది.

బైపాస్ కొవ్వు సంగతి

పెద్ద పొట్టను దాటించి కొవ్వును ముందుకు పంపే ఉపాయమే బైపాస్ ఫ్యాట్. కొవ్వు ఆమ్లాలకు కాల్షియం జత చేసి సబ్బు పొడిలా తయారుచేస్తారు. పెద్ద పొట్టలో అది కరగదు, సూక్ష్మజీవుల జోలికి పోదు. ఆ తర్వాత పులుపు ఎక్కువగా ఉండే నాలుగో అరలో విడిపోయి, పేగుల్లో ఒంటికి పడుతుంది. అమెరికాలో 1980ల్లో పాల రైతులకు అందిన ఈ పద్ధతి ఇప్పుడు మన సంతల్లోనూ సంచుల్లో దొరుకుతోంది.

ఈనడానికి పది రోజుల ముందు కొద్దికొద్దిగా మొదలుపెట్టి, ఈనిన తర్వాత 90 రోజుల దాకా ఇవ్వడం ఆనవాయితీ. పాలను బట్టి రోజుకు 100 నుంచి 200 గ్రాములు చాలు. కొత్త వాసనకు ఆవు మొదట మూతి తిప్పుకుంటుంది. రెండు పూటలా దాణాలో కలిపి, వారం రోజుల్లో మోతాదు పెంచుకుంటూ పోవాలి.

ఇంటి లెక్క ఇలా...

నాలుగు క్వింటాళ్ల బరువుండి, పదిహేను లీటర్లు ఇచ్చే ఆవు రోజుకు తేమ లేని లెక్కన 12 కిలోల మేత తింటుందనుకుందాం. మామూలు మేతలో 3 శాతం కొవ్వు ఉంటే అది 360 గ్రాములు. ఆరు శాతం హద్దు 720 గ్రాములు. అంటే మన చేతిలో ఉన్నది 360 గ్రాములే. కిలో పత్తి గింజలు పెట్టాక మిగిలేది 160. గానుగ చెక్క, తాజా తవుడు కూడా పెడుతుంటే అదీ ఉండదు. అన్నీ ఒకేసారి పెట్టడం డబ్బు దండగ, ఆవుకు అజీర్ణం.

ఐదారు లీటర్లిచ్చే ఆవుకు, వట్టిపోయిన ఆవుకు ఈ ఖర్చే అక్కర్లేదు. పచ్చిమేత, మంచి చెక్క, ఖనిజ లవణ మిశ్రమం ఉంటే గడిచిపోతుంది.

వీటి జోలికి పోవద్దు

* బజ్జీల అంగళ్లలో మరిగి మరిగి నల్లబడిన నూనె చౌకగా వస్తోందని తేవద్దు. అది మనుషులకే కాదు, పశువుకూ చేటే.
* తాజా తవుడు నిల్వ ఉంటే కొద్ది రోజుల్లోనే కారు వాసన వేస్తుంది. వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి.
* బూజు పట్టిన వేరుశనగ చెక్కను ఎండబెట్టి వాడినా ప్రమాదమే. అందులోని అఫ్లటాక్సిన్ పాలలోకి దిగుతుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.
* కడుపుబ్బరానికి గొట్టంతో నూనె పట్టించడం మందు, మేత కాదు. తల మరీ ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. పశువైద్యుణ్ని పిలవడమే మేలు.

కొవ్వు పెట్టినా గడ్డి తగ్గించకూడదు. పాలలో వెన్న పుట్టేది ముందు పీచులోంచే. ఫ్యాట్ తగ్గిందని చీటీ చెబితే, వంటింట్లో నూనె డబ్బా కాదు, ముందు గాట్లో గడ్డి ఎంత ఉందో చూడాలి. ఆవు పడుకున్నప్పుడు నెమరు వేస్తోందో లేదో గమనించాలి. ఆ రెండూ సరిగా ఉన్నాకే, ఈనిన మొదటి మూడు నెలల్లో, లెక్క ప్రకారం కొవ్వు. అప్పుడు లీటర్లూ నిలుస్తాయి, ఆవూ నిలుస్తుంది, మరుసటి ఈతా చేతికందుతుంది.