ఇరుసు ఏడుస్తోందిరా!

పికప్ ట్రక్కు వెనక ఇరుసులో బేరింగు పోతే అమెరికాలో రెండే దారులు. గ్యారేజీకిచ్చి గంటల లెక్కన కూలీ కట్టడం... లేదంటే ఇంటిముందే చేతులు మడిచి దిగడం. రెండో దారిన వెళ్లిన ఓ తెలుగు తండ్రీకొడుకుల అనుభవమిది.

టెక్సస్‌లో మా ఇంటికి అమ్మానాన్న వచ్చి అప్పటికి నెల. ఆదివారం గుడికి బయల్దేరాం. పక్క సీట్లో నాన్న. హైవే ఎక్కి బండి వేగం అందుకోగానే వెనకనుంచి 'ఊఁ...' అని ఒకటే రొద. నాకది కొత్తేం కాదు. చాలారోజులుగా వింటున్నా, టైర్ల మోతేలే అనుకుంటున్నా. నాన్న మాత్రం తల కాస్త పక్కకు వంచి విన్నాడు. 'ఒరేయ్, ఇరుసు ఏడుస్తోందిరా' అన్నాడు.

అనుమానం తీర్చుకోవడం తేలికే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి చూశా. ఇంజిన్ శబ్దం తగ్గింది కానీ రొద తగ్గలేదు. బండి వేగం తగ్గితేనే అదీ తగ్గుతోంది. అంటే ఆ గోల ఇంజిన్‌ది కాదు, చక్రంతోపాటు తిరిగేదేదో పెడుతోంది. ఇంటికొచ్చి వంగి చూస్తే ఎడమ వెనక చక్రం లోపలివైపు నూనె చెమ్మ. వేలికి రాసుకుని వాసన చూస్తే గంధకం కంపు. గేర్ ఆయిల్! బేరింగు అరిగి షాఫ్టు ఊగులాడుతుంటే పక్కనున్న ఆయిల్ సీలు మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది? ఆ నూనె బ్రేకుల మీదికి చేరిందంటే ఆ చక్రానికి బ్రేకు ఉన్నా లేనట్టే.

ఒంటి బేరింగు మీదే భారం

లారీ ఇరుసుకీ చిన్న పికప్ ఇరుసుకీ ఓ తేడా ఉంది. పెద్ద లారీల్లో బరువంతా బయటి గొట్టమూ, హబ్‌లోని రెండు బేరింగులూ మోస్తాయి. లోపలి షాఫ్టు పని తిప్పడమే. అందుకే మన రోడ్ల పక్కన లారీని నిలబెట్టి, చక్రాలు విప్పకుండానే షాఫ్టు లాగేస్తుంటారు మెకానిక్కులు. చిన్న పికప్‌లలో ఆ వీల్లేదు. చక్రాన్ని తిప్పేదీ షాఫ్టే, బరువు మోసేదీ షాఫ్టే. గొట్టం చివరున్న ఒక్క బేరింగే దానికి ఆధారం. మా బండిలో ఆ షాఫ్టు జారిపోకుండా పట్టి ఉంచేది డిఫరెన్షియల్ లోపలుండే 'సి' ఆకారపు చిన్న క్లిప్పు. షాఫ్టు విరిగితే చక్రం దాంతోపాటే బయటికొచ్చేస్తుంది. వెనక సీట్లో పిల్లలుండగా, హైవే మీద... ఆ ఊహ వచ్చాక ఇక వాయిదా వేయబుద్ధి కాలేదు.

గ్యారేజీలో అడిగితే సామాన్ల ఖర్చు కంటే కూలీయే ఎన్నోరెట్లు చెప్పారు. విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. 'చూద్దాంలేరా, ఇరుసేగా!' అన్నాడు నాన్న. వరిగడ్డి కాల్చిన మసి, ఆముదం కలిపి కందెన చేసి, సీల లాగి ఎడ్లబండి ఇరుసుకు పూసిన చేతులాయనవి. అన్నట్టు బేరింగు పుట్టిల్లు కూడా బండ్లే. 1794లో వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ బాల్ బేరింగుకు పేటెంటు తీసుకున్నది గుర్రబ్బండి ఇరుసు కోసమే. 1898లో టేపర్ రోలర్ బేరింగుకు పేటెంటు పొందిన హెన్రీ టిమ్‌కెన్ కూడా బండ్లు తయారుచేసేవాడే.

నూనె దించే ముందు...

శనివారం పొద్దున్నే మొదలెట్టాం. సిమెంటు నేల మీద బండి నిలిపి ముందు చక్రాలకు అటూఇటూ చెక్కదిమ్మలు పెట్టాం. పార్కింగ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే. వాటినే లేపుతున్నప్పుడు దాన్ని నమ్ముకుంటే ఎలా? నట్లు కాస్త వదులు చేశాకే జాకీ ఎత్తి, ఇరుసు గొట్టం కింద స్టాండ్లు పెట్టాం. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఇది మాత్రం గట్టిగానే చెబుతా.

ఇంకో జాగ్రత్త. పాత నూనె దించే ముందే, కొత్త నూనె పోసే చోటున్న మూత ఊడుతుందో లేదో చూసుకోవాలి. అది తుప్పుపట్టి కదలకపోతే ఎండిన ఇరుసుతో బండి అక్కడే కూర్చుంటుంది.

డిఫరెన్షియల్ మూత సడలించగానే నల్లటి నూనె తట్టలోకి దిగింది. ఆ కంపుకి అమ్మ కిటికీలు మూసేసింది. అయస్కాంతానికి అంటుకున్న బూడిదరంగు ముద్దను నాన్న వేళ్ల మధ్య నలిపి చూశాడు. ముద్ద మెత్తగా ఉంటే భయం లేదు. ఉక్కు పెచ్చులు తగిలితే గేర్లకే ముప్పు. మాకు తగల్లేదు.

అడ్డపిన్నును పట్టి ఉంచే చిన్న బోల్టు విప్పి పిన్ను లాగాం. ఇక చక్రాలు తిప్పకూడదు, లోపలి చిన్న గేర్లు పక్కకి జారిపోతాయి. షాఫ్టును లోపలికి నెడితే క్లిప్పు ఊడింది, షాఫ్టు బయటికొచ్చింది. విడిభాగాల దుకాణంలో డిపాజిట్ కట్టి తెచ్చుకున్న జారుడు సుత్తితో పాత సీలు, బేరింగు ఊడబెరికాం. పనిముట్టు తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిచ్చేస్తారు. ఈ సదుపాయం మాత్రం మన దగ్గరా ఉంటే బాగుండుననిపించింది.

గోరు చెప్పిన నిజం

అంతా సాఫీగా సాగుతోందని మురిసిపోతుండగా నాన్న షాఫ్టును ఎండలోకి పట్టుకెళ్లాడు. బేరింగు తిరిగే చోట గోటితో గీశాడు. గోరు ఆగింది! ఈ రకంలో రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి. అక్కడ గాడి పడితే కొత్త బేరింగునూ అది తినేస్తుంది. 'ఈపూటకి పెట్టేద్దాం నాన్నా, తర్వాత చూద్దాం' అన్నా. 'పిల్లలెక్కే బండిరా' అన్నాడు. అంతే, మారు మాట్లాడలేదు. షాఫ్టు ఆర్డరు పెట్టాం. వారంపాటు బండి స్టాండ్ల మీదే.

మరుసటి శనివారం పని వేగంగా నడిచింది. తెరిచాం కదాని కుడివైపు బేరింగూ సీలూ కూడా మార్చేశాం. కొత్త బేరింగుకు గేర్ ఆయిల్ రాసి, వంకర పోకుండా డ్రైవర్ పెట్టి మెల్లగా కొట్టాం. సీలు పెదవికి గ్రీజు పూసి, షాఫ్టు పళ్లు దానికి గీసుకోకుండా లోపలికి పంపడం నాన్న వంతు. అడ్డపిన్నుకు కొత్త బోల్టు వేసి, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాం. ఇరుసు గొట్టం మీదుండే గాలిరంధ్రం మట్టితో పూడిపోయి ఉంది. వేడెక్కిన గాలికి దారిలేకపోతే నూనె సీళ్లను తోసుకొస్తుంది. పుల్లతో శుభ్రం చేశాం. మూతకి పూసిన సిలికాన్ ఆరేదాకా ఆగి, రంధ్రం అంచుదాకా నూనె పోశాం.

ఆదివారం మళ్లీ గుడికి. హైవే మీద నాన్న తల వంచి విన్నాడు, ఏమీ అనలేదు. కొత్తగా బిగించిన నట్లను కొంతదూరం తిరిగాక మళ్లీ సరిచూడాలి. దర్శనం అయ్యాక పార్కింగ్‌లో స్పానర్ తీసుకుని కూర్చున్నాడు. 'తెల్లపంచెతో ఇదేం పనండీ!' అని అమ్మ కేకలు. ఎడమ చక్రానికి ఒక నట్టు పావు చుట్టు తిరిగింది.