స్టాక్ ఫోటోగ్రఫీ: ఆన్‌లైన్ ఏజెన్సీల ద్వారా ఛాయాచిత్రముల విక్రయము

స్టాక్ ఫోటోగ్రఫీ అనగా ముందుగానే తీసి నిలువ ఉంచిన ఛాయాచిత్రములను, కావలసిన వారు రుసుము చెల్లించి వాడుకొనుటకు అనుమతించు వ్యాపారము. ఇట్టి చిత్రములను సేకరించి, వర్గీకరించి, కొనుగోలుదారులకు చూపి, వచ్చిన సొమ్ములో కొంత తాము ఉంచుకొని మిగిలినది ఫోటోగ్రాఫరుకు చెల్లించు సంస్థలను స్టాక్ ఏజెన్సీలు అందురు. పత్రికలు, పాఠ్యపుస్తక ప్రచురణకర్తలు, ప్రకటన సంస్థలు, వెబ్‌సైట్ల నిర్వాహకులు వీటి ప్రధాన ఖాతాదారులు. అంతర్జాలము వచ్చిన తరువాత, మంచి కెమెరా ఉన్న ఎవరైనను, ఏ చిన్న పట్టణము నుండైనను ఈ ఏజెన్సీలకు చిత్రములు పంపు వీలు కలిగినది. ఈ వ్యాసములో కర్నూలు జిల్లా పశ్చిమ భాగములోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణముల ఉదాహరణలతో ఈ విధానము, అందులోని హక్కులు, బాధ్యతలు వివరించబడినవి.

భావన

ఆదోని, ముంబై-చెన్నై రైలుమార్గముపై ఉన్న వ్యాపార పట్టణము. ఇక్కడి వ్యవసాయ మార్కెట్ యార్డు రాష్ట్రములోని ప్రధాన పత్తి మార్కెట్లలో ఒకటి. రైతు యార్డుకు పత్తి తెచ్చినపుడు కమీషన్ ఏజెంటు ఆ పత్తికి యజమాని కాడు. కొనువానికిని అమ్మువానికిని నడుమ నిలిచి, అమ్మకము జరిపించి, తన కమీషను పుచ్చుకొనును. స్టాక్ ఏజెన్సీ చేయు పని కూడ ఇటువంటిదే.

అయితే రెండు ముఖ్యమైన భేదములు కలవు. మొదటిది, పత్తి ఒకసారి అమ్మిన పిదప రైతు చేతిలో మిగలదు. ఛాయాచిత్రము అట్లు కాదు. ఏజెన్సీ అమ్మునది చిత్రమును కాదు, దానిని వాడుకొను అనుమతిని మాత్రమే. ఈ అనుమతినే లైసెన్సు అందురు. ఒకే చిత్రమునకు వందమందికి లైసెన్సు ఇచ్చినను, సాధారణముగా దాని కాపీహక్కు ఫోటోగ్రాఫరు వద్దనే ఉండును. రెండవది, యార్డులో ధర రైతు కన్నుల ఎదుట పలుకును. ఏజెన్సీలో ధరను, ఫోటోగ్రాఫరు వాటాను ఏజెన్సీయే నిర్ణయించును. కనుక ఒప్పంద పత్రమును పూర్తిగా చదువుట అవసరము.

చరిత్ర

ఛాయాచిత్రముల ప్రతులను అమ్ముకొను పద్ధతి తెలుగు ప్రాంతమునకు కొత్త కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ (1844-1905) 1880వ దశకములో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పెను. కోటలు, రాజభవనములు, దేవాలయముల దృశ్యములను తీసి, వాటి ప్రతులను యాత్రికులకు, అధికారులకు అమ్మెను. ఒకే గాజు నెగటివు నుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును గనుక, నెగటివే ఆయన ఆస్తి. ఆయన తీసిన 2857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది.

ప్రతులకు బదులు వాడుకొను హక్కును అమ్ము సంస్థలు ఇరువదవ శతాబ్దపు తొలి భాగములో అమెరికాలో పెరిగినవి. ఆటో బెట్‌మన్ 1936లో న్యూయార్కు నగరములో బెట్‌మన్ ఆర్కైవు స్థాపించెను. ఆ కాలములో చిత్రములు అల్మారాలలో ఉండెడివి; కొనుగోలుదారులు ముద్రిత కేటలాగులు చూచి ఎన్నుకొనెడివారు. 1989లో బిల్ గేట్స్ స్థాపించిన సంస్థ తరువాత కోర్బిస్ అను పేర ప్రసిద్ధి చెందినది. 1995లో మార్క్ గెట్టీ, జోనథన్ క్లైన్ కలసి గెట్టీ ఇమేజెస్ సంస్థకు మూలమైన సంస్థను ఆరంభించిరి. బ్రిటనులో అలామీ 1999లో మొదలైనది.

2000లో కెనడాలోని కాల్గరీ నగరములో బ్రూస్ లివింగ్‌స్టన్ ఐస్టాక్‌ఫోటో ప్రారంభించుటతో ఈ రంగము స్వరూపము మారినది. వందల డాలర్లు పలికిన చిత్రములు ఒకటి రెండు డాలర్లకే లభించసాగినవి. ఈ పద్ధతికి మైక్రోస్టాక్ అని పేరు వచ్చినది. 2003లో జాన్ ఓరింగర్ స్థాపించిన షట్టర్‌స్టాక్, నెలవారీ చందా పద్ధతిని ప్రాచుర్యములోనికి తెచ్చినది. ఐస్టాక్‌ఫోటోను 2006లో గెట్టీ ఇమేజెస్ 5 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసినది. ఫోటోలియా అను సంస్థను కొన్న అడోబీ, 2015లో అడోబీ స్టాక్ ఆరంభించినది. భారతదేశములో ప్రజల జీవన దృశ్యములకై సందీప్ మహేశ్వరి 2006లో ఇమేజెస్‌బజార్ స్థాపించిరి. 2025 జనవరిలో గెట్టీ ఇమేజెస్, షట్టర్‌స్టాక్ సంస్థలు విలీనమగుటకు నిర్ణయించినట్లు ప్రకటించినవి.

లైసెన్సులలో రకములు

రాయల్టీ-ఫ్రీ లైసెన్సు: కొనుగోలుదారు ఒకసారి రుసుము చెల్లించి, నిబంధనలకు లోబడి చిత్రమును పలుమార్లు వాడుకొనవచ్చును. ఈ పేరును చూచి చిత్రము ఉచితమని భావించుట పొరపాటు. ప్రతి వాడకమునకు వేరుగా రాయల్టీ కట్టనక్కరలేదు అని మాత్రమే దీని అర్థము.

రైట్స్-మేనేజ్డ్ లైసెన్సు: ఏ దేశములో, ఎంత కాలము, ఎన్ని ప్రతులలో, ఏ పరిమాణములో వాడెదరో ముందుగా తెలిపి, దానిని బట్టి ధర నిర్ణయించు పద్ధతి. మైక్రోస్టాక్ వచ్చిన పిదప దీని వాడుక బాగుగా తగ్గినది.

వాణిజ్య వాడకము, సంపాదకీయ వాడకము: పై రెండును ధరకు సంబంధించిన విభాగములు కాగా, ఇవి ప్రయోజనమునకు సంబంధించినవి. ప్రకటనలు, సరుకుల పెట్టెలు, కరపత్రములలో వాడుట వాణిజ్య వాడకము. వార్తలు, వ్యాసములు, పాఠ్యపుస్తకములలో వాడుట సంపాదకీయ వాడకము. గుర్తింపదగిన మనుష్యులున్న చిత్రమును వాణిజ్య వాడకమునకు ఇవ్వవలెనన్న వారి లిఖితపూర్వక సమ్మతి ఉండవలెను.

చిత్రముపై హక్కు ఎవరిది?

భారత కాపీహక్కు చట్టము, 1957 ప్రకారము ఛాయాచిత్రము ఒక కళాకృతి. సాధారణముగా దానిని తీసిన వారే మొదటి హక్కుదారులు. అయితే 17వ సెక్షనులో ఒక ముఖ్యమైన మినహాయింపు కలదు. ఒకరు సొమ్ము చెల్లించి కోరి తీయించుకొన్న ఛాయాచిత్రమునకు, వేరు ఒప్పందము లేనిచో, తీయించుకొన్న వారే మొదటి హక్కుదారులు. అందువలన ఒక స్టూడియో యజమాని తాను డబ్బు తీసుకొని తీసిన పెండ్లి ఫోటోలను, పెండ్లివారితో ఒప్పందము లేకుండ ఏజెన్సీలకు పంపరాదు. ఈ విషయము తెలియక పొరబడు వారు కలరు.

2012 సవరణకు పూర్వము ఛాయాచిత్రముపై కాపీహక్కు ప్రచురణ జరిగిన నాటి నుండి 60 సంవత్సరములు ఉండెడిది. ఆ సవరణతో, ఇతర కళాకృతుల వలెనే, రచయిత జీవితకాలము మరియు ఆ పై 60 సంవత్సరములు అయినది. హక్కును శాశ్వతముగా బదిలీ చేయుటకు, లైసెన్సు ఇచ్చుటకు భేదము కలదు. చట్టములోని 19వ సెక్షను ప్రకారము హక్కు బదిలీ వ్రాతపూర్వకముగా, సంతకముతో ఉండవలెను. కాలపరిమితి చెప్పని యెడల అది 5 సంవత్సరములుగా భావించబడును.

చిత్రములోని వ్యక్తుల సమ్మతి

ఫోటోగ్రాఫరుకు కాపీహక్కు ఉన్నంత మాత్రమున, చిత్రములోని మనిషి ముఖమును ప్రకటనలకు అమ్ము అధికారము రాదు. ఒక వ్యక్తి పేరును గాని, రూపమును గాని అనుమతి లేక ప్రకటనలలో వాడుట ఆ వ్యక్తి గోప్యతా హక్కును భంగపరచుటయేనని 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు తెలిపినది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు ఇచ్చినది.

దీనివలన కలుగు నష్టమును చూపు ఉదాహరణ తెలుగు నేలపైననే కలదు. 2018లో తెలంగాణ ప్రభుత్వ పథకముల పత్రికా ప్రకటనలలో, ఒక గ్రామీణ మహిళ ప్రక్కన ఆమె భర్తకు బదులు వేరొక పురుషుడు భర్తగా చూపబడెను. ఆ కుటుంబము ఊరిలో తలవంపులకు గురైనది. ఒక పేదవాని చిత్రము అతని చేయి దాటి పోయిన తరువాత ఎన్ని విధములుగా మారగలదో ఈ సంఘటన తెలుపుచున్నది.

కనుక ఏజెన్సీలు సమ్మతి పత్రమును కోరును. దీనిని ఆంగ్లములో మోడల్ రిలీజ్ అందురు. ఇందులో చిత్రములోని వ్యక్తి పేరు, సంతకము, తేది, సాక్షి సంతకము ఉండవలెను. పిల్లల విషయములో తల్లి గాని తండ్రి గాని, లేదా సంరక్షకుడు గాని సంతకము చేయవలెను. ఆదోని ప్రాంతములో తెలుగుతో పాటు కన్నడము, ఉర్దూ మాట్లాడు వారు అనేకులు. పత్రము ఆంగ్లములో ఉన్నపుడు, దాని అర్థమును వారి భాషలో చదివి వినిపించి, చిత్రము ఏ దేశములోనైనను, ఏ ప్రకటనలోనైనను రావచ్చునని చెప్పిన పిదపనే సంతకము తీసుకొనుట న్యాయము. అర్థము కాని కాగితముపై వేయించిన వేలిముద్ర సమ్మతి అనిపించుకొనదు.

పశ్చిమ కర్నూలు ప్రాంతపు చిత్రములు

ఈ ప్రాంతములో స్టాక్ చిత్రములకు తగిన విషయములు అనేకము కలవు. ఒక్కొక్కదానికి వర్తించు నియమము వేరు.

ఆదోని కోట, జామియా మసీదు: ఆదోని విజయనగర రాజులు, బీజాపూరు సుల్తానులు, మొగలుల ఏలుబడిలో ఉండిన కోట పట్టణము. ఇక్కడి జామియా మసీదును 17వ శతాబ్దములో బీజాపూరు పాలకుల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించెను. కట్టడములను, బహిరంగ స్థలములలో శాశ్వతముగా నెలకొల్పిన శిల్పములను ఛాయాచిత్రము తీయుట కాపీహక్కు ఉల్లంఘన కాదని చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. అయితే రక్షిత కట్టడముల లోపల, ప్రార్థనా స్థలములలో చిత్రములు తీయుటకు ఆయా శాఖల, నిర్వాహకుల అనుమతి వేరుగా అవసరము కావచ్చును.

పత్తి యార్డు: పత్తి కుప్పల విస్తృత దృశ్యములో ముఖములు గుర్తుపట్టలేనంత దూరముగా ఉన్నచో సమ్మతి సమస్య చాలవరకు తగ్గును. కుప్పపై నిలిచిన హమాలీని దగ్గరగా తీసినపుడు అతని సమ్మతి లేనిచో సంపాదకీయ వాడకమునకు మాత్రమే పంపవలెను.

ఎమ్మిగనూరు మగ్గములు: ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన పట్టణము. మగ్గము నేయు వ్యక్తి చిత్రమును మరమగ్గపు బట్టల వ్యాపారి తన ప్రకటనలో వాడుకొన్నచో, నేతగాని ముఖమే అతని వృత్తికి ఎదురు నిలుచును. సమ్మతి పత్రముపై సంతకము చేయు నేతగానికి ఈ సంగతి ముందే తెలియవలెను.

జాతరలు, ఉత్సవములు: ఎమ్మిగనూరులో పుష్యమాసమున జరుగు నీలకంఠేశ్వరస్వామి జాతర, హొళగుంద మండలములోని దేవరగట్టున విజయదశమి రాత్రి జరుగు బన్ని ఉత్సవము ఈ ప్రాంతమున ప్రసిద్ధములు. దేవరగట్టు కర్రల సమరములో పలువురు గాయపడుట వలన దాని చిత్రములకు వార్తా విలువ ఎక్కువ. ఇవి సంపాదకీయ చిత్రములుగానే తగును. రక్తము కారుచున్న మనిషి చిత్రమునకు తప్పుడు వ్యాఖ్య చేర్చినచో ఒక ఊరికే అపకీర్తి రాగలదు. కావున స్థలము, తేది, జరిగిన విషయము ఉన్నవి ఉన్నట్లు వ్రాయవలెను.

చిత్రములను పంపు పద్ధతి

ఏజెన్సీ వెబ్‌సైటులో ఖాతా తెరచి, గుర్తింపు పత్రము సమర్పించి చిత్రములను పంపవలెను. షట్టర్‌స్టాక్, అడోబీ స్టాక్ వంటి సంస్థలు కనీసము 4 మెగాపిక్సెళ్ళ పరిమాణము గల జేపెగ్ ఫైళ్ళను కోరును. స్పష్టత లేనివి, మసకగా ఉన్నవి, సంస్థల చిహ్నములు కనబడునవి తిరస్కరించబడును. ఎరువుల సంచిపై ఉన్న వ్యాపార చిహ్నము కూడ తిరస్కరణకు కారణము కావచ్చును.

ప్రతి చిత్రమునకు శీర్షిక, వివరణ, అన్వేషణ పదములు ఇవ్వవలెను. ఇవి ఎక్కువగా ఆంగ్లములోనే ఉండును. ఊరి పేర్లకు ఆంగ్లములో పలు వర్ణక్రమములు ఉన్నపుడు అన్నిటిని చేర్చుట మంచిది. ఆదోనికి ఆదవాని అను రూపము కూడ వ్యవహారములో కలదు. చిత్రములో లేని విషయములను పదముల పట్టికలో చేర్చుట నియమ విరుద్ధము.

ఆదాయము, పన్ను

ఈ వ్యాపారములో చిత్రమునకు వచ్చు సొమ్ము స్వల్పము. షట్టర్‌స్టాక్ 2020 జూన్ నుండి ఫోటోగ్రాఫరు వాటాను 15 నుండి 40 శాతము వరకు ఆరు మెట్లుగా చేసినది. ప్రతి సంవత్సరము జనవరి 1న అందరు మరల మొదటి మెట్టుకు దిగవలెను. చందాపై జరుగు డౌన్‌లోడుకు కనిష్ఠముగా 10 సెంట్లు మాత్రమే వచ్చు సందర్భములు కలవు. అనగా 100 డౌన్‌లోడులకు 10 డాలర్లు. అడోబీ స్టాక్ ఛాయాచిత్రములకు 33 శాతము ఇచ్చుచున్నది. కనుక దీనిని పూర్తి జీవనాధారముగా గాక, స్టూడియో పనికి తోడుగా వచ్చు ఆదాయముగా ఎంచుట యుక్తము.

అమెరికా సంస్థలు డబ్ల్యూ-8బెన్ అను పన్ను పత్రమును కోరును. భారత-అమెరికా పన్ను ఒప్పందము ప్రకారము అమెరికాలో జరిగిన అమ్మకముల రాయల్టీపై 15 శాతము పన్ను మినహాయించుకొందురు. ఈ పత్రము ఇవ్వనిచో 30 శాతము వరకు పోవును. వచ్చిన ఆదాయమును భారతదేశములో కూడ ఆదాయపు పన్ను రిటర్నులో చూపవలెను. విదేశములో కట్టిన పన్నుకు మినహాయింపు కోరవచ్చును.

సహకార పద్ధతి

మధ్యవర్తి వాటా పెరిగినపుడు పనివారు సంఘటితమగుట ఎమ్మిగనూరుకు తెలిసిన విషయమే. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్ప కృషితో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘము ఏర్పడినది. నేతవారికి పని కల్పించి, వారు నేసిన బట్టను తానే అమ్ముట ఆ సంఘము ఆశయము.

ఛాయాచిత్రకారులును ఇదే మార్గము త్రొక్కిరి. 1947లో రాబర్ట్ కాపా, హెన్రీ కార్టియర్-బ్రెస్సన్ మున్నగువారు స్థాపించిన మాగ్నమ్ ఫోటోస్, సభ్యులే యజమానులుగా గల సంస్థ. కాపీహక్కు తీసినవారిదే అనునది దాని మూలసూత్రము. ఐస్టాక్‌ఫోటో స్థాపకుడైన బ్రూస్ లివింగ్‌స్టన్ తదితరులు కెనడాలో ఆరంభించిన స్టాక్‌సీ కూడ ఫోటోగ్రాఫర్ల సహకార సంఘమే. ఇది సాధారణ లైసెన్సుపై 50 శాతము సభ్యులకు చెల్లించు పద్ధతితో మొదలైనది.

కృత్రిమ మేధ వలన మార్పులు

2022 నుండి మాటలను బట్టి బొమ్మలు తయారుచేయు కంప్యూటరు ప్రోగ్రాములు వ్యాప్తి చెందినవి. ఇట్టి బొమ్మలను గెట్టీ ఇమేజెస్ 2022 సెప్టెంబరులో నిషేధించినది. షట్టర్‌స్టాక్ అదే సంవత్సరము అక్టోబరులో ఓపెన్ఏఐ సంస్థతో భాగస్వామ్యమును విస్తరించి, శిక్షణకు వాడిన చిత్రముల ఫోటోగ్రాఫర్లకు పరిహార నిధిని ప్రకటించినది. 2023 మార్చిలో అడోబీ విడుదల చేసిన ఫైర్‌ఫ్లై, అడోబీ స్టాక్ చిత్రములతో శిక్షణ పొందినది.

దీనివలన లైసెన్సు అను మాటకు అర్థము విస్తరించినది. పూర్వము అనుమతి ఒక చిత్రమును అచ్చు వేయుటకు. ఇపుడు ఆ చిత్రము నుండి యంత్రము నేర్చుకొనుటకు కూడ. అందుచేత ఖాతా తెరచు ముందు ఒప్పందములో శిక్షణ వాడకమును గూర్చిన నిబంధన ఉన్నదా, వలదనుకొన్నచో తప్పుకొను వీలు కలదా అని చూచుకొనవలెను. సమ్మతి ఇచ్చు మగ్గము మనిషికి, యార్డు హమాలీకి కూడ ఈ విషయమును తెలియజేయుట ఫోటోగ్రాఫరు బాధ్యత.