కింద కొట్టు, పైన ఇల్లు



మన లైబ్రరీలో ఇంగ్లండ్ ఫొటోల పుస్తకం ఒకటి ఉంది. అందులో సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ అనే ఊరి వీధి ఉంది. కింద అన్నీ అద్దాల కొట్లు. పైన తెల్లటి గోడలు, ముందుకు గుండ్రంగా పొంగిన కిటికీలు, ఇనుప బాల్కనీలు. "ఇదేంటి సార్, ఒక ఇంటి మీద ఇంకో ఇల్లు పెట్టినట్టుంది" అని సోషల్ సార్‌ని అడిగాను. "అది ఒకటే ఇల్లమ్మా. కింది భాగం తర్వాత కొట్టు అయింది" అన్నారు. దాని గురించి తెలుసుకున్నది రాస్తున్నాను.

ఇంగ్లండు రాజు మూడో జార్జికి మతి చెడింది. అందుకని 1811 నుంచి 1820 వరకు ఆయన కొడుకు రాజుకు బదులు పాలించాడు. అలా పాలించేవాణ్ణి రీజెంట్ అంటారు. ఆ కాలం ఇళ్లను, దాని తర్వాత కొన్నేళ్లు అదే పద్ధతిలో కట్టిన ఇళ్లను రీజెన్సీ ఇళ్లు అంటారు. ఆ యువరాజుకు బ్రైటన్ అంటే ఇష్టం. అక్కడ జాన్ నాష్ అనే ఆయనతో తన భవనాన్ని గుమ్మటాలతో మళ్లీ కట్టించుకున్నాడు. డబ్బున్నవాళ్లు కూడా ఆ ఊరికి వచ్చారు.

ఈ ఇళ్లు వరసగా ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. రెండిళ్లకు మధ్య ఒకటే గోడ. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. మా గూడెంలో మనుషులు పెరిగితే ఇల్లు పక్కకు పెంచుతాం. అక్కడ జాగా ఖరీదు కాబట్టి పైకి పెంచారు. చాలా ఇళ్ల గోడలు ఇటుకవే. పైన స్టక్కో అనే గచ్చు పూసి, రాళ్లు పేర్చినట్టు గీతలు గీసేవాళ్లు. చూసేవాళ్లు రాతి ఇల్లు అనుకోవాలన్నమాట!

కిటికీ చూసి ఆ అంతస్తులో ఏముందో చెప్పవచ్చు. వీధి ఎత్తులో భోజనాల గది. దాని మీద అంతస్తులో అన్నిటికంటే పొడుగు కిటికీలు ఉంటాయి. అది చుట్టాలు కూర్చునే పెద్ద గది. పైకి పోయేకొద్దీ కిటికీలు చిన్నవైపోతాయి. అవి పడకగదులు. పనివాళ్లు అటక మీద పడుకునేవాళ్లు. వంటగది నేల కింద. ఇంటి ముందు గొయ్యిలాంటి జాగా, దాని చుట్టూ ఇనుప కమ్ములు. పనివాళ్లు ఆ గోతి మెట్లు దిగి లోపలికి పోవాలి. ముందు తలుపు యజమానులకు, చుట్టాలకు.

మరి కొట్లు ఎందుకయ్యాయి? 1841లో లండన్ నుంచి బ్రైటన్‌కు రైలు వచ్చింది. జనం పెరిగారు, బేరాలు పెరిగాయి. 1845లో అద్దం మీద పన్ను తీసేశారు. పెద్ద అద్దాలు చవకయ్యాయి. సందడి పెరిగిన వీధులు విడిచి డబ్బున్నవాళ్లు వేరే చోటికి పోయారు. వాళ్ల ఇళ్లలోకి కొట్లవాళ్లు వచ్చారు.

కింది గోడ తీసేస్తే పై అంతస్తులు కూలవా అని నాకు అనుమానం వచ్చింది. కూలవు. ముందు పై గోడకు పోట్లు పెడతారు. తర్వాత కింది గోడ తీసి, అడ్డంగా లావు దూలం ఎక్కిస్తారు. దూలం రెండు కొసలూ పక్క గోడల దగ్గర ఆనుతాయి. పై గోడ బరువంతా అదే మోస్తుంది. దాని కింద అద్దాలు పెట్టుకోవచ్చు. ఇంకో పద్ధతి, ఇల్లు ముట్టుకోకుండా ముందున్న తోటలో ఒక అంతస్తు కొట్టు కట్టడం. బ్రైటన్ వెస్టర్న్ రోడ్డులో ఇలా చేశారు. అందుకే అక్కడ గుండ్రటి కిటికీలు కొట్టు కప్పుకు వెనకాల కనిపిస్తాయి.

1947 చట్టంతో ఇంగ్లండులో పాత కట్టడాలను జాబితాలో చేర్చటం మొదలుపెట్టారు. జాబితాలో ఉన్న ఇంటిని అనుమతి లేకుండా మార్చితే నేరం. ఇది మంచి పని.

కానీ నాకు ఒకటి మనసులో ఉండిపోయింది. ఆ కాలంలో నేల కింది వంటగదుల్లో మన వయసు ఆడపిల్లలు కూడా పనిచేసేవాళ్లు. దొరసాని కూర్చున్న గది కిటికీ ఇప్పటికీ వీధికి కనిపిస్తుంది. కొట్టు ముందుకు కట్టిన చోట ఆ పిల్లలు దిగిన మెట్లు మూసుకుపోయాయి. వాళ్లు పొయ్యి రాజేసిన చోట సరుకు పెట్టెలు పెట్టుకుంటారు. పొడుగు కిటికీల గురించే చెబితే ఆ ఇంటి గురించి సగమే చెప్పినట్టు.

కాబట్టి స్నేహితులారా, కొట్టుగా మారిన పాత ఇల్లు ఎక్కడ కనబడినా తలెత్తి పైకి చూడండి. తర్వాత కిందికి కూడా చూడండి. ఈ ఇంట్లో వంట ఎక్కడ చేసేవాళ్లు, ఎవరు చేసేవాళ్లు అని అడగండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని