వికలాంగుల సంఘానికి మనం ఎలా తోడుపడగలం?

రోలుగుంట చుట్టుపక్కల ఊళ్ళ నుండి నడవలేని బిడ్డను చంకనెత్తుకొని తల్లులు మా దగ్గరకు వస్తుంటారు. మేము వ్యాయామం నేర్పగలం, చేతికర్ర ఇవ్వగలం. కాని పింఛను, బస్సు పాసు, బడి మెట్ల పక్కన వాలుదారి మందులతో వచ్చేవి కావు, అడిగి సాధించుకోవలసినవి. ఒక్కరే వెళ్ళి అడిగితే "మళ్ళీ రండి" అంటారు. పదిమంది కలిసి అడిగితే వింటారు. అందుకే వికలాంగులకు సొంత సంఘం అవసరం.

1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం పొందినవారికి ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలైంది.

మన ఊరి సంఘం చిన్నదని నిరుత్సాహపడవద్దు. పసిఫిక్ సముద్రంలోని చిన్న చిన్న దీవుల వికలాంగుల సంఘాలు కూడా, ఫిజీలోని సువా కేంద్రంగా, పసిఫిక్ డిజేబిలిటీ ఫోరం పేరుతో ఒక్కటయ్యాయి.

మనం చేయగలిగినవి:

1. సంఘం సమావేశానికి మెట్లు లేని గది ఇవ్వండి.
2. ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి తోడుగా వెళ్ళండి.
3. దరఖాస్తు చదివి వినిపించండి, వారు చెప్పినట్లే రాసిపెట్టండి.
4. ఇంట్లోనే ఉండిపోయిన వారిని, ముఖ్యంగా స్త్రీలను, సమావేశానికి తీసుకురండి.

ఒక్క మాట. జాలితో వారి తరఫున మనమే మాట్లాడేయకూడదు. సంఘానికి పెద్దలు వారే. "మీకేం కావాలి?" అని ముందు వారినే అడుగుదాం.